చలికొండల్లో ఆపద: సన్నాహం లేని నడక, గాలింపు, రక్షణ

తగిన బట్టలు, తిండి, దీపం, దారి తెలివిడి లేకుండా కొండ ఎక్కి, చలిగాలికో మంచువానకో చిక్కి, తమంతట తాము దిగలేని స్థితికి చేరినవారిని వెతికి కిందికి తేవడం ప్రపంచంలోని పర్వత ప్రాంతాలన్నింటిలో నిత్యం జరుగుతున్న పని. ఇలా చిక్కుకునేవారిలో పర్వతారోహకులు తక్కువ. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరదామనుకున్న మామూలు పాదచారులే ఎక్కువ. కింద ఊళ్లో ఉన్న వాతావరణాన్ని బట్టి పైనున్న కొండను అంచనా వేయడమే వారిలో చాలామంది చేసే తప్పు. అమెరికా ఈశాన్యంలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఉన్న వైట్ మౌంటెన్స్ ఈ విషయానికి పాఠ్యపుస్తకం లాంటివి. అక్కడి మరణాలకు 1849 నుంచి లెక్క ఉంది. వాతావరణానికి తొంభై ఏళ్లకు పైబడిన నమోదు ఉంది. రక్షణ ఖర్చు ఎవరు భరించాలో చెప్పే చట్టం కూడా ఉంది.

చిన్న కొండ, పెద్ద గాలి

వైట్ మౌంటెన్స్‌లో ఎత్తైనది మౌంట్ వాషింగ్టన్. దాని ఎత్తు 1,917 మీటర్లు. మన తూర్పు కనుమల్లోని అర్మ కొండ (1,680 మీటర్లు) కంటే 237 మీటర్లే ఎక్కువ. హిమాలయాల ఫొటోలు చూసిన కళ్లకు ఇది గుట్టలా కనిపిస్తుంది. శిఖరం దాకా 1861 నుంచి బండిబాట, 1869 నుంచి పళ్లచక్రాల రైలు ఉన్నాయి. రైలెక్కి పోయే కొండ మీద ఎవరైనా చలికి చనిపోతారా అనిపిస్తుంది. కానీ మౌంట్ వాషింగ్టన్ ఉన్న, ప్రెసిడెన్షియల్ శ్రేణి అని పిలిచే కొండల వరుసలో ఇప్పటిదాకా 160 మందికి పైగా చనిపోయారు. అందరినీ చలే చంపలేదు. పడిపోయినవారు, మంచు చరియల కింద కూరుకుపోయినవారు, గుండె ఆగినవారు కూడా ఉన్నారు. అయితే ఆ జాబితా మొదలయ్యింది మాత్రం చలితోనే.

వేర్వేరు దిక్కుల నుంచి వచ్చే తుపానుల దారులు ఈ కొండ పరిసరాల్లో కలుస్తాయి. చుట్టూ దాన్ని కాచే ఎత్తైన శ్రేణులు లేకపోవడంతో గాలి నేరుగా వచ్చి తాకుతుంది. శిఖరం మీది వాతావరణ పరిశోధనశాల 1932లో మొదలైంది. 1934 ఏప్రిల్ 12న అక్కడివారు గంటకు 372 కిలోమీటర్ల గాలిని కొలిచారు. 1996లో ఆస్ట్రేలియాలోని బారో ద్వీపంలో తుపాను సమయంలో 408 కిలోమీటర్ల గాలి నమోదయ్యేదాకా ప్రపంచ రికార్డు అదే. ఏడాదిలో సగటున 110 రోజులు ఇక్కడ గాలి గంటకు 120 కిలోమీటర్లు దాటుతుంది. మన కోస్తా జిల్లాల వాళ్లు తీవ్ర తుపాను రోజున మాత్రమే చూసే గాలి అది. 2023 ఫిబ్రవరి 3, 4 తేదీల మధ్య రాత్రి ఉష్ణోగ్రత మైనస్ 44 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. గాలితో కలిపి ఒంటికి తగిలే చలి మైనస్ 78 డిగ్రీలని లెక్క తేలింది.

అయితే అలాంటి రోజున ఎక్కేవారు చాలా తక్కువ. అసలు చిక్కు మే, జూన్, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వస్తుంది. బోస్టన్ నగరం నుంచి ఈ కొండలకు కారులో మూడు గంటల దారి. అక్టోబరులో ఆకులు ఎర్రబారి, పసుపెక్కి అడవంతా వెలిగిపోతుంటే చూడటానికి జనం తరలివస్తారు. బోస్టన్ చుట్టుపక్కల చదువుకుంటున్న, ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువారికి కూడా ఇది వారాంతపు విహారమే. పార్కింగ్‌లో ఎండ కాస్తుంది, చొక్కా మీద స్వెట్టర్ కూడా అక్కర్లేదనిపిస్తుంది. కిలోమీటరు ఎత్తు ఎక్కేసరికి ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. దాదాపు 1,350 మీటర్ల ఎత్తున చెట్లు ఆగిపోతాయి. ఆ పైన రాళ్లు, గడ్డి, గాలి తప్ప దాక్కోవడానికి ఏమీ ఉండదు. సరిగ్గా ఆ హద్దు దగ్గర అటవీ శాఖ పసుపు బోర్డులు పెట్టింది. ముందున్నది అమెరికాలోకెల్లా అతి చెడ్డ వాతావరణమనీ, వేసవిలో కూడా చాలామంది చనిపోయారనీ, వాతావరణం బాగోకపోతే ఇక్కడే వెనక్కి తిరగమనీ వాటి సారాంశం.

చలి ఒంటిని ఎలా లొంగదీస్తుంది

శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే దాన్ని అల్పోష్ణస్థితి అంటారు. వైద్యులు హైపోథెర్మియా అంటారు. దీనికి మంచు కురవనక్కర్లేదు, నీళ్లు గడ్డకట్టనక్కర్లేదు. పాదచారులను ఎక్కువగా దెబ్బతీసేది సున్నాకూ పది డిగ్రీలకూ మధ్య ఉండే వాన, గాలి. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. ఎక్కేటప్పుడు పట్టిన చెమటైనా, మీద పడిన వానైనా బట్టను తడిపిన క్షణం నుంచి ఆ బట్ట రక్షణగా ఉండటం మానేస్తుంది. నూలుబట్టలో ఈ గుణం మరీ ఎక్కువ. మన ఎండలకు ప్రాణం పోసే నూలు, చెమటను పీల్చుకుని పట్టి ఉంచుతుంది కాబట్టే, చలికొండ మీద శత్రువుగా మారుతుంది. జీన్స్ ప్యాంటు కూడా నూలే. ఉన్ని, పాలియెస్టర్ తడిసినా కొంత వేడిని నిలుపుతాయి.

తడిబట్ట సంగతి శాస్త్రీయంగా తేలడానికి ముగ్గురు యువకులు చనిపోవలసి వచ్చింది. 1964 మార్చిలో ఇంగ్లండ్‌లోని పీక్ డిస్ట్రిక్ట్‌లో స్కౌట్ సంస్థ నిర్వహించిన ‘ఫోర్ ఇన్స్’ నడక పోటీలో వాన, గాలి కలిసి వచ్చాయి. ముగ్గురు రోవర్ స్కౌట్లు చలికి ప్రాణాలు విడిచారు. వారు ఆరోగ్యవంతులు, నడక అలవాటున్నవారు. 1953 ఎవరెస్ట్ యాత్రలో శరీరధర్మ శాస్త్రవేత్తగా పనిచేసిన గ్రిఫిత్ ప్యూ ఈ మరణాలను పరిశోధించాడు. వాళ్ల బట్టల్లాంటివే తడిపి, గాలిలో పరీక్షించి, పొడిగా ఉన్నప్పటి రక్షణలో చిన్న భాగమే మిగులుతుందని చూపాడు. అలసట రెండో కారణమని కూడా చెప్పాడు. ఒళ్లు బాగా కదులుతున్నంతసేపు వేడి పుడుతుంది. అలసి నడక నెమ్మదించగానే పుట్టే వేడి తగ్గిపోతుంది, పోయే వేడి మాత్రం తగ్గదు. ఇవాళ కొండనడక బట్టల గురించి చెప్పే చాలా సలహాల వెనుక ఆ పరిశోధన ఉంది.

లక్షణాలు ఒక వరుసలో వస్తాయి. ముందు ఒళ్లు గజగజ వణుకుతుంది, పళ్లు టకటక కొట్టుకుంటాయి. వేళ్లు కొంకర్లు పోయి జిప్పు లాగలేవు, సంచి ముడి విప్పలేవు. సంచిలో కోటు ఉండి కూడా తీసి తొడుక్కోలేక చనిపోయేది ఈ దశ దాటినవారే. తర్వాత మాట ముద్దవుతుంది, అడుగు తడబడుతుంది, ఊరికే చిరాకు వస్తుంది. ఈ దశలో మనిషి తనకేమీ కాలేదనే అంటాడు. పక్కవాళ్లు నమ్మకూడదు. 32 డిగ్రీల కిందికి వచ్చేసరికి వణుకు తగ్గిపోతుంది. చూసేవాళ్లకు తేరుకున్నట్టు కనిపిస్తుంది, నిజానికి అది అన్నిటికంటే చెడ్డ గుర్తు. చివరి దశలో కొందరు ఒళ్లు మండిపోతున్నట్టు అనిపించి బట్టలు విప్పేస్తారు, కొందరు రాళ్ల సందుల్లోకి పాకుతారు. 28 డిగ్రీల దిగువన గుండె ఎంత సున్నితంగా మారుతుందంటే, మనిషిని మోటుగా కదిలించినా లయ తప్పి ఆగిపోవచ్చు.

చలి చంపినట్టే, ఒక్కోసారి కాచి ఉంచుతుంది కూడా. 1999లో నార్వేలో అన్నా బోగెన్‌హోమ్ అనే వైద్యురాలు మంచుగడ్డ కింది నీళ్లలో 80 నిమిషాలు ఇరుక్కుపోయింది. ఆమె ఒంటి వేడి 13.7 డిగ్రీలకు పడిపోయింది. ఆమె బతికింది, మళ్లీ వైద్య వృత్తిలోకి వెళ్లింది. చల్లబడి కదలకుండా ఉన్నవారిని ఒళ్లు వెచ్చబడేదాకా చనిపోయినట్టు ప్రకటించవద్దన్న నియమాన్ని రక్షక దళాలు అందుకే పాటిస్తాయి.

దగ్గర్లోనే ఆగిపోయినవారు

1849 అక్టోబరులో ఫ్రెడరిక్ స్ట్రిక్‌లాండ్ అనే ఆంగ్లేయుడు మంచు పడుతుండగా మార్గదర్శి వెనక్కి తిరిగినా తాను ముందుకే సాగి చనిపోయాడు. మౌంట్ వాషింగ్టన్ మీద నమోదైన మొదటి మరణం అది. ఆరేళ్ల తర్వాత, 1855 సెప్టెంబరు 14న లిజ్జీ బోర్న్ అనే 23 ఏళ్ల యువతి బాబాయితోనూ ఆయన కూతురితోనూ మధ్యాహ్నం దాటాక ఎక్కడం మొదలుపెట్టింది. శిఖరం మీది సత్రంలో రాత్రి గడపాలనుకున్నారు. ఆ కాలపు బరువైన పొడవాటి లంగాలు గాలికి తెరచాపల్లా అడ్డుపడ్డాయి. చీకటి పడింది, మబ్బు కమ్మింది. ఆ బాబాయి రాళ్లు పేర్చి గాలికి అడ్డు కట్టాడు. ఆమె ఆ రాత్రి అక్కడే చనిపోయింది. తెల్లవారి వెలుగు వచ్చాక చూస్తే సత్రం కొద్ది దూరంలోనే ఉంది. ఆలస్యంగా బయల్దేరడం, తగని బట్టలు, దీపం లేకపోవడం, దారి కనిపించకపోవడం: ఈ నాలుగూ ఇవాళ్టి నివేదికల్లో కూడా అలాగే కనిపిస్తాయి.

1982 జనవరిలో జరిగింది వేరు. హ్యూ హెర్, జెఫ్ బాట్జర్ అనే ఇద్దరు నేర్పరులైన యువకులు అదే కొండ మీద హంటింగ్టన్ రవీన్ అనే లోయలోని మంచు గోడ ఎక్కారు. బరువు తగ్గుతుందని రాత్రి గడిపే సరంజామా కిందే వదిలేశారు. పైన మంచు తుపానులో దిక్కు తప్పి, కొండకు అవతలి వైపు లోయలో దిగిపోయారు. మూడు రాత్రులు అక్కడే గడిపారు. స్నోషూలతో నడుస్తున్న ఒక మహిళ మంచులో అడుగుజాడలు గమనించడంతో నాలుగో రోజున బయటపడ్డారు. హెర్‌కు మంచుకాటు వల్ల రెండు కాళ్లు మోకాళ్ల కింద తీసేశారు. ఆయన తర్వాత కృత్రిమ కాళ్ల రూపకల్పనలో ప్రపంచ ప్రసిద్ధుడై ఎంఐటీలో ఆచార్యుడయ్యాడు. వారిని వెతకడానికి వెళ్లిన ఆల్బర్ట్ డౌ అనే 28 ఏళ్ల స్వచ్ఛంద రక్షకుడు మాత్రం తిరిగి రాలేదు. లయన్ హెడ్ దారిలో మంచు చరియ విరిగిపడి అతన్ని మింగేసింది. కొండ మీద తప్పు చేసినవాడు ఒక్క తన ప్రాణాన్నే పణంగా పెట్టడం లేదని కొండ కింది ఊళ్ల వాళ్లు ఇప్పటికీ డౌ పేరుతోనే గుర్తుచేసుకుంటారు.

వెతికేది ఎవరు, మోసేది ఎవరు

న్యూ హాంప్‌షైర్‌లో అడవుల్లో, లోతట్టు జలాల్లో గాలింపు బాధ్యత చట్ట ప్రకారం ఫిష్ అండ్ గేమ్ శాఖది. చేపల వేట, జంతువుల వేట చూసుకునే అధికారులే అర్ధరాత్రి టార్చి పట్టుకుని కొండ ఎక్కుతారు. ఏటా 200కు దగ్గరగా ఇలాంటి పిలుపులు వస్తాయి. వారికి తోడుగా మౌంటెన్ రెస్క్యూ సర్వీస్, ఆండ్రోస్కోగిన్ లోయ దళం, పెమిగెవాసెట్ లోయ దళం లాంటి స్వచ్ఛంద బృందాలు వస్తాయి. వీరిలో వడ్రంగులు, టీచర్లు, నర్సులు ఉంటారు. జీతం లేదు.

ఫోన్ చేయగానే హెలికాప్టర్ వస్తుందని చాలామంది అనుకుంటారు. మబ్బులో, గాలిలో హెలికాప్టర్ ఎగరదు, ఆపద వచ్చేది సరిగ్గా మబ్బూ గాలీ ఉన్నప్పుడే. కాబట్టి మనుషులు నడిచి రావాలి. ఫోన్ అందుకున్నాక జట్టు కూడి, బయల్దేరి, చేరేసరికి నాలుగైదు గంటలు గడిచిపోవడం మామూలే. మోతమంచం మీద ఒక మనిషిని దింపడానికి ఒక విడతకు ఆరుగురు కావాలి. రాళ్ల దారిలో ఆ ఆరుగురూ కొద్ది దూరానికే మారుతూ ఉండాలి కాబట్టి పద్దెనిమిది, ఇరవై మంది లేనిదే పని నడవదు. మైలు దూరానికి గంట పైనే పడుతుంది. చీలమండ బెణికిన మనిషికి బెణుకు నొప్పి కంటే ఆ ఎదురుచూపు ప్రమాదకరం. కదలకుండా కూర్చుంటే ఒళ్లు చల్లబడుతుంది.

దొరికాక చేసే వైద్యం చూడటానికి సాదాసీదాగా ఉంటుంది. గాలికి అడ్డు పెట్టడం, తడిబట్టలు తీసి పొడివి వేయడం, కింద నేల చలి తగలకుండా పరుపు వేయడం, తల నుంచి కాలి దాకా చుట్టడం, మింగగలిగితే తీపి పానీయం ఇవ్వడం. బ్రాందీ తాగితే వెచ్చబడతామన్న నమ్మకం మన దగ్గరా ఉంది. మద్యం చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేసి లోపలి వేడిని బయటికి పంపేస్తుంది, కాబట్టి ఇవ్వకూడదు. మంచుకాటు తగిలిన చోట రుద్దకూడదు.

2010 అక్టోబరు 17న పామ్ బేల్స్ అనే స్వచ్ఛంద రక్షకురాలు ఒంటరిగా మౌంట్ వాషింగ్టన్ ఎక్కుతూ మంచులో టెన్నిస్ బూట్ల జాడలు చూసింది. చెడిపోతున్న వాతావరణంలో తన దారి మానుకుని ఆ జాడల వెంట వెళ్లింది. నిక్కరు, పలచని జాకెట్ వేసుకుని కదలకుండా కూర్చున్న ఒక మనిషి కనిపించాడు. పొడిబట్టలు తొడిగి, వేడి సంచులు పెట్టి, వేడి కోకో తాగించి, మాట్లాడుతూ, పాడుతూ చీకటిలో కిందికి నడిపించుకొచ్చింది. అతను మాట్లాడకుండా కారెక్కి వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు ఆమె దళానికి ఉత్తరం వచ్చింది. తాను ప్రాణం తీసుకోవడానికే ఆ రోజు కొండెక్కానని, ఇప్పుడు బతకాలనుకుంటున్నానని అందులో రాశాడు. 2022లో వచ్చిన ‘ఇన్ఫినిట్ స్టార్మ్’ సినిమాకు ఆధారం ఈ ఘటనే. కొండ మీద మనిషి ఏ కారణాన ఆ బట్టల్లో ఉన్నాడో వెతికేవారికి ముందుగా తెలియదు. మందలింపు, విచారణ, బిల్లు అన్నీ కిందికి దిగాకే.

బిల్లు ఎవరికి

ఆ బిల్లు సంగతి న్యూ హాంప్‌షైర్‌లో చిన్న వివాదం కాదు. గాలింపు నిధికి డబ్బు చాలాకాలం పడవలు, స్నోమొబైళ్లు, అడవి బళ్ల రిజిస్ట్రేషన్ మీద ఒక్కో డాలరు చొప్పున వచ్చేది. ఎక్కువ పిలుపులు చేసే పాదచారులు ఏమీ కట్టేవారు కాదు. 2008లో చట్టం మార్చి, నిర్లక్ష్యంగా ప్రవర్తించి రక్షణ అవసరమైనవారి నుంచి ఖర్చు వసూలు చేసుకోవచ్చన్నారు. మరుసటి ఏడాది మూడు రాత్రులు కొండల్లో గడిపి బతికి వచ్చిన ఒక టీనేజీ స్కౌట్‌కు 25,000 డాలర్లకు పైగా బిల్లు పంపేసరికి దేశమంతా చర్చ రేగింది. 2015 నుంచి ‘హైక్ సేఫ్’ కార్డు పెట్టారు. ఏడాదికి ఒక్కరికి 25 డాలర్లు, కుటుంబానికి 35. కార్డు కొన్నవారు నిర్లక్ష్యం చేసినా ఖర్చు కట్టనక్కర్లేదు. తెగబడి, తెలిసి చేసిన తప్పుకు మాత్రం కార్డు రక్షణ ఇవ్వదు.

అమెరికాలోని మౌంటెన్ రెస్క్యూ అసోసియేషన్ వసూళ్లను వ్యతిరేకిస్తుంది. బిల్లుకు భయపడి జనం ఫోన్ చేయడం ఆలస్యం చేస్తారని, అప్పుడు రక్షకులు చీకటిలో, మరింత చెడ్డ వాతావరణంలో వెళ్లాల్సి వస్తుందని దాని వాదన. బ్రిటన్‌లో రక్షణ ఉచితం, దళాలు విరాళాల మీద నడుస్తాయి. స్విట్జర్లాండ్‌లో 1952లో మొదలైన రెగా సంస్థకు లక్షలాది మంది ఏటా చందా కడతారు. వీటన్నిటిలో కార్డు పద్ధతే న్యాయంగా కనిపిస్తుంది. పొద్దుండగా వచ్చిన పిలుపు ఇరువైపులా ప్రాణాలు కాపాడుతుంది కాబట్టి, ఎవరినీ ఫోన్ చేయడానికి వెనకాడేలా చేయని ఏర్పాటే మంచిది.

హిమాలయాల్లో, తెలుగువారికి

మన దేశంలో ఇలాంటి పెద్ద విషాదం జరిగింది ట్రెక్కింగ్‌లో కాదు, తీర్థయాత్రలో. 1996 ఆగస్టులో 3,888 మీటర్ల ఎత్తునున్న అమర్‌నాథ్ గుహ దారిలో అకాల వర్షం, మంచు విరుచుకుపడ్డాయి. పలచని బట్టలతో, చాలినంత ఆశ్రయం లేని దారిలో ఉన్న యాత్రికుల్లో 240 మందికి పైగా చలికి చనిపోయారు. నితీశ్ సేన్‌గుప్తా కమిటీ యాత్రికుల సంఖ్యకు, వయసుకు హద్దులు పెట్టాలని సూచించింది. ఇప్పుడు ఆరోగ్య ధ్రువపత్రం లేనిదే యాత్రకు అనుమతి లేదు. చార్‌ధామ్, అమర్‌నాథ్ వెళ్లే తెలుగువారు ఏటా వేలల్లో ఉంటారు. భక్తి ఎంత ఉన్నా ఒంటి వేడి 35 డిగ్రీల దిగువకు పోకుండా అది ఆపదు. నూలు చీర, హవాయి చెప్పులతో కేదార్‌నాథ్ దారి ఎక్కే పెద్దవాళ్లను చూసినవారికి ఈ మాట కొత్తగా అనిపించదు.

2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో 22 మంది బృందం మంచు తుపానులో చిక్కుకుంది. ఎక్కువమంది కర్ణాటకవారు. తొమ్మిది మంది చనిపోయారు. మిగిలినవారిని వైమానిక దళం, రాష్ట్ర విపత్తు స్పందన దళం బయటికి తెచ్చాయి. దక్కన్‌లో పుట్టి పెరిగిన ఒంటికి ఆ చలి తెలియదు. తెలంగాణలో ‘ఇగం’ అని, కోస్తాలో ‘వణికించే చలి’ అని మనం అనేది దుప్పటితో తీరేది. 13 ఏళ్ల వయసులో 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆమెతో ఎక్కిన ఆనంద్ కుమార్ అంతకుముందు భువనగిరి బండ మీద, డార్జిలింగ్‌లో, లద్దాఖ్ చలికాలంలో నెలల తరబడి శిక్షణ పొందారు. అంత అనుభవం ఉన్నా కొండ లొంగుతుందన్న హామీ ఉండదు. ఏడు ఖండాల శిఖరాలనూ 2006లో 172 రోజుల్లో ఎక్కిన నెల్లూరు జిల్లా వాసి మల్లి మస్తాన్ బాబు 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో చెడ్డ వాతావరణంలో ఒంటరిగా చనిపోయారు. ఆయన అజాగ్రత్తపరుడు కాదు. అంతటివాడికే తప్పనప్పుడు వారాంతపు నడకకు వెళ్లేవారికి జాగ్రత్త ఇంకెంత కావాలి?

సంచిలో ఉండాల్సినవి

పర్వతారోహక సంఘాలు చెప్పే సామాను పెద్ద జాబితా కాదు: పటం, దిక్సూచి, ఉన్ని లేదా ఫ్లీస్ పై వస్త్రం, టోపీ, చేతొడుగులు, నీరు చొరని కోటు, తలకు కట్టుకునే దీపం, అదనపు తిండి, నీళ్లు, విజిల్, ప్రథమ చికిత్స పెట్టె, అగ్గిపెట్టె, చాకు. మంచు ఉంటే బూట్లకు ముళ్ల పట్టీలు, మంచు లోతుగా ఉంటే స్నోషూలు. వీటిలో ఎక్కువమంది మరిచేది దీపం. డిసెంబరులో వైట్ మౌంటెన్స్‌లో సాయంత్రం నాలుగుంబావుకే పొద్దు గూకుతుంది. ఫోన్ దీపం దీపం కాదు. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది. అదే ఫోన్‌తో సాయం అడగాలి, అదే ఫోన్‌లో దారి చూడాలి. 2022 నుంచి కొన్ని ఫోన్లు సిగ్నల్ లేనిచోట ఉపగ్రహం ద్వారా సందేశం పంపగలుగుతున్నాయి. సందేశం నిమిషాల్లో వెళ్తుంది. మనుషులు మాత్రం పాత వేగంతోనే నడిచి వస్తారు.

ఇంకొక్కటి సంచిలో పట్టనిది. మన ఇళ్లలో గడప దాటేటప్పుడు ‘వెళ్తున్నా’ అనం, ‘వెళ్లొస్తా’ అంటాం. అమెరికాలో మొదటి శీతాకాలం చూస్తున్న విద్యార్థులైనా, బద్రీ కేదార్ యాత్రకు బయల్దేరిన పెద్దవారైనా ఆ మాటతో పాటు ఏ దారిన వెళ్తున్నారో, కారు ఎక్కడ ఆపుతున్నారో, ఎన్ని గంటలకు దిగుతారో, ఆ వేళ దాటితే ఏ నంబరుకు ఫోన్ చేయాలో ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లండి.